గిరి ప్రదక్షిణలో డీలా పడిన వాళ్లని ఎలా నడిపించాలి?

మర్రిపాలెం_అపార్ట్‌మెంట్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఈసారి ఆషాఢ పౌర్ణమికి మా అపార్ట్‌మెంట్ నుంచి 12 మందిమి సింహాచలం గిరి ప్రదక్షిణకి, అంటే కొండ చుట్టూ 32 కిలోమీటర్ల నడకకి బయల్దేరుతున్నాం. ముందురోజు చతుర్దశి సాయంత్రం 5 గంటలకి తొలి పావంచా (కొండ కింద మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి నడక మొదలుపెట్టాలని అనుకుంటున్నాం. అరవై దాటినవాళ్లు ముగ్గురున్నారు. అందులో ఒకాయనకి షుగర్, మాత్రలు వాడతారు. ఇంటర్ పిల్లలు నలుగురు. మిగతావాళ్లం ఆఫీసుల్లో కూర్చుని పనిచేసేవాళ్లం. ఇద్దరు మొక్కు ప్రకారం చెప్పుల్లేకుండా నడుస్తారు.

దారి గురించి, ట్రాఫిక్ గురించి అడగడం లేదు. మధ్యలో ఒకరు "ఇంక నా వల్ల కాదు" అన్నప్పుడు ఏం చెప్పాలి? "వచ్చేశాం, వచ్చేశాం" అంటూ లాక్కెళ్లాలా? గోవింద నామం గట్టిగా అందుకోవాలా? వాళ్ల మానాన వదిలేయాలా? నడవమని ఎంతవరకు చెప్పాలి, ఎక్కడ చాలనాలి?

ఇంకో మాట. మా పిల్లల్లో ఒకడు పోటీ పరీక్షకి రెండోసారి చదువుతున్నాడు. పక్కింటి పిన్నిగారికి మోకాలి ఆపరేషన్ అయింది, లేచి నడవాలంటే భయపడుతోంది. ఆ ఒక్క రాత్రికే కాదు, రోజూ పక్కనుండే వాళ్లకి ధైర్యం చెప్పడం కూడా తెలుసుకోవాలని ఉంది.

---

తొలిపావంచా_32

ముందు "వచ్చేశాం" అనే మాట మానెయ్యండి. ఆ రాత్రి ఎక్కువమందిని కూలబెట్టేది ఆ మాటే. అది విన్న మనిషి మిగిలిన ఓపికంతా ఆ పది నిమిషాల్లో ఖర్చు పెట్టేస్తాడు. పది నిమిషాల తర్వాత ఇంకా రోడ్డే కనిపిస్తే కాళ్లూ ఆగిపోతాయి, మీ మాట మీద నమ్మకమూ పోతుంది. ఆ తర్వాత మీరు నిజం చెప్పినా వినడు.

"ఇంకెంత దూరం?" అని అడిగినవాళ్లకి మొత్తం దూరం చెప్పకండి, తర్వాత కూర్చునే చోటు చెప్పండి. "వెంకోజీపాలెం దాటాం కదా బాబాయ్, ఇసుకతోట దగ్గర పది నిమిషాలు కూర్చుందాం, మజ్జిగ తాగుదాం" అంటే చాలు. చెప్పినచోట కచ్చితంగా కూర్చోవాలి. జనం ఎక్కువున్నారనో, ఊపు మీదున్నామనో "ఇంకొంచెం ముందుకెళ్లి ఆగుదాం" అన్నారా, అదీ అబద్ధం కిందే లెక్క.

అందుకని ఆగే చోట్లు ముందే రాసుకోండి. తొలి పావంచా నుంచి పాత అడవివరం, ముడసర్లోవ మీదుగా హనుమంతవాక. అక్కణ్ణుంచి విశాలాక్షినగర్, జోడుగుళ్లపాలెం, అప్పుఘర్ (సముద్రస్నానం ఇక్కడే). తర్వాత ఎంవీపీ, వెంకోజీపాలెం, ఇసుకతోట, హెచ్‌బీ కాలనీ, కైలాసపురం, మాధవధార, మురళీనగర్, ఎన్‌ఏడీ, గోపాలపట్నం, ప్రహ్లాదపురం, గోశాల, మళ్లీ తొలి పావంచా. అప్పుఘర్‌కి సుమారు మూడో వంతు అయినట్టు. ఎన్‌ఏడీ దగ్గర సుమారు నాలుగో వంతు మిగిలినట్టు. పెద్ద లెక్క కావాలన్నవాళ్లకి ఈ రెండూ చెప్పండి. అవి నిజం, విన్నాక ఊరట కూడా.

సమయం లెక్క కూడా ముందే అందరికీ చెప్పండి. గంటకి 4 కిలోమీటర్ల చొప్పున ఉత్త నడకే 8 గంటలు. గంటకోసారి పదేసి నిమిషాలు ఆగితే ఇంకో గంటా ఇరవై నిమిషాలు. సముద్రస్నానానికి 40 నిమిషాలు. అంటే జనం అడ్డం లేకపోతే 10 గంటలు. జనం ఉంటారు కాబట్టి 11, 12 అనుకోండి. తెల్లారుజామున నాలుగైదింటికి చేరతామని ముందే తెలిసినవాళ్లు అర్ధరాత్రి కంగారు పడరు. రాత్రి ఒంటిగంటకల్లా ఇంట్లో ఉంటామనుకుని వచ్చినవాళ్లు ఒంటిగంటకే కూలబడతారు.

ఇక వరస. అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని ముందు పెట్టండి, బృందం ఆయన అడుగు ప్రకారం నడవాలి. వెనక పెడితే ఏమవుతుందంటే, ముందువాళ్లు ఆగి, కూర్చుని, నీళ్లు తాగి, ఈయన వగర్చుకుంటూ వచ్చేసరికి లేచి నిలబడతారు. బాగా నడిచేవాడికి విశ్రాంతి, అలిసినవాడికి అది కూడా లేదు. ఇలా మూడుసార్లు జరిగితే ఎంత ధైర్యవంతుడైనా "మీరెళ్లండర్రా" అంటాడు. అది ఒంటి అలసట కంటే అందరికీ బరువైపోయానన్న బాధతో అనే మాట. వెనక కాపుగా ఓపికస్తుణ్ణి ఒకణ్ణి పెట్టండి. అతని వెనక మనవాళ్లెవరూ ఉండకూడదు, అంతే రూలు.

ఇంటర్ పిల్లలు నలుగుర్నీ ఒకచోట ఉంచకండి. మొదటి రెండు గంటలు పరుగులాంటి నడకతో పోయి, ఎంవీపీ వచ్చేసరికి పిక్కలు పట్టుకుంటారు. ఒక్కొక్కణ్ణి ఒక్కో పెద్దాయనకి జత చెయ్యండి. "తాతగారి నీళ్ల సీసా నీ బాధ్యత" అని చెప్తే వాడి వేగం తగ్గుతుంది, ఆయన వేగం నిలబడుతుంది. ఇద్దరికీ లాభమే.

నడిచే వేగం సరిగ్గా ఉందో లేదో నామంతోనే తెలిసిపోతుంది. "సింహాద్రి అప్పన్నా, గోవిందా గోవింద" అని ఒక్క ఊపిరిలో అనగలిగితే వేగం సరిపోయినట్టు. మధ్యలో ఊపిరి తెగితే తగ్గించాలి. గోవింద కొట్టాలా అని అడిగారు కదా. కొట్టండి, కానీ గుంపంతా ఒకేసారి అరవడం కాకుండా ఒకరు అందుకుంటే మిగతావాళ్లు పలికేలా. అలిసిన మనిషి పలకకపోయినా ఫర్వాలేదు, అడుగు ఆ లయలో పడుతుంది. పలకమని బలవంతపెట్టకండి.

అర్ధరాత్రి దాటాక ఎన్‌ఏడీ నుంచి గోపాలపట్నం, ప్రహ్లాదపురం దాకా ఉంటుందే, అక్కడ మాటల అవసరం ఎక్కువ. సముద్రం చూసిన హుషారు అయిపోయి ఉంటుంది, కొండ దగ్గరికి ఇంకా రాలేదు, నిద్ర ముంచుకొస్తుంది. ఆ ముక్కలో సలహాలు, ఉపదేశాలు వద్దు. పని ఇవ్వండి. టార్చి పట్టుకోమనండి, మనుషుల్ని లెక్కపెట్టమనండి, తర్వాత ఆగేచోటు వాళ్లనే ఎంచుకోమనండి. తన అవసరం ఇంకొకరికి ఉందని తెలిస్తే మనిషి ఇంకో కిలోమీటరు నడుస్తాడు.

---

ఫిజియో_సీతమ్మధార

పై సలహా అంతా బాగుంది. ఒక్కటి కలపాలి. ఒళ్లు చూడకుండా ధైర్యం చెప్పకండి. మనసు డీలా పడ్డ మనిషికి మాట కావాలి. నీళ్లో, ఉప్పో, చక్కెరో తగ్గిన మనిషికి అవే కావాలి. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి.

చీకట్లో కూడా చెయ్యగల పరీక్ష ఒకటి ఉంది. "ఇప్పుడు మనం ఎక్కడున్నాం? ఇందాక ఎక్కడ ఆగాం?" అని అడగండి. సరిగ్గా చెప్పి, విసుక్కున్నా సరే, మనిషి బాగానే ఉన్నాడు. మాట తడబడినా, తప్పు చెప్పినా, అడుగు అటూ ఇటూ పడుతున్నా వెంటనే ఆపాలి. ఒళ్లు కాలిపోతూ మతి తప్పినట్టు మాట్లాడుతుంటే అది వడదెబ్బ. ఆషాఢంలో రాత్రిపూట ఏం వడదెబ్బ అనుకోకండి. విశాఖ గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒంట్లో వేడి బయటికి పోదు, పైగా చుట్టూ జనం. పడుకోబెట్టి మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిగుడ్డలు పెట్టి విసురుతూ 108కి ఫోన్ చెయ్యండి. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు పొయ్యకండి.

ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, ఆగాక కూడా తగ్గని ఆయాసం ఉంటే ఒక్క అడుగు కూడా వెయ్యనివ్వకండి. "గ్యాస్ అయ్యుంటుంది, నడిస్తే తగ్గుతుంది" అని అక్కడ ఎవరన్నా అంటే వినకండి. 108.

షుగర్ ఉన్నాయన సంగతి. కొన్ని రకాల మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకి ఇంత నడకలో చక్కెర పడిపోతుంది. ఆ రోజు డోసు ఎంతో డాక్టర్ని వారం ముందే అడగాలి, సొంతంగా మానెయ్యకూడదు. చక్కెర పడిపోయేటప్పుడు మొదట కనిపించేది చేతి వణుకు, చల్లటి చెమట, ఉన్నట్టుండి కోపం. అప్పటిదాకా నవ్వుతూ వచ్చిన పెద్దాయన "నన్ను ముట్టుకోకండి" అని కసిరాడంటే మనసు కష్టపెట్టుకోకండి, చక్కెర ఇవ్వండి. మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి ఇస్తే సుమారు 15 గ్రాములు. 15 నిమిషాలు ఆగి చూడండి. తగ్గకపోతే ఇంకోసారి. తగ్గాక బిస్కెట్లో, అరటిపండో పెట్టాలి, లేకపోతే మళ్లీ పడిపోతుంది. జేబులో చక్కెర పొట్లం ఆయన దగ్గర ఒకటి, ఆయన జతగాడి దగ్గర ఒకటి ఉండాలి. షుగర్ చాలా ఏళ్లుగా ఉండి అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు మొక్కున్నా సరే చెప్పుల్లేకుండా నడవకూడదు. గాజుపెంకు గుచ్చుకున్నా తెలీదు, పుండు పడితే మానదు.

నీళ్లు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ ఒకటి సరిగ్గా లీటరు నీళ్లకే. చిక్కగా కలిపితే ఎక్కువ బలం అనుకుని అరలీటరులో కలుపుతారు, వాంతులవుతాయి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకి తలకొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. దారిపొడుగునా ఎవరో ఒకరు నీళ్లిస్తూనే ఉంటారు. మొహమాటానికి ప్రతిచోటా తాగితే ఒంట్లో ఉప్పు పలచబడుతుంది, తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి. చూసేవాళ్లు "నీళ్లు తక్కువయ్యాయి" అని ఇంకా తాగిస్తారు. దాహం వేసినప్పుడు తాగండి, మజ్జిగలో ఉప్పు వేసుకోండి.

పిక్క పట్టేస్తే రుద్దే ముందు సాగదియ్యాలి. మనిషిని కూర్చోబెట్టి, మోకాలు చాపి, కాలివేళ్లని మోకాలి వైపు మెల్లగా వంచి అరనిమిషం పట్టి ఉంచండి. రెండు మూడుసార్లు చేస్తే వదులుతుంది. నొప్పి మాత్రలు ఖాళీ కడుపుతో వేసుకుని నడవడం ప్రమాదం. నీళ్లు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీల మీద పడతాయి. పెద్దవాళ్లకి అసలొద్దు.

విశ్రాంతి పది నిమిషాలు మించకూడదు. ఇరవై నిమిషాలు కూర్చున్నాక లేస్తే మోకాళ్లు కర్రలైపోతాయి. "ఇంక నా వల్ల కాదు" అన్న మాట ఎక్కువగా అప్పుడే వస్తుంది. అది ఓటమి కాదు, బిగుసుకున్న కండ. లేచాక మొదటి రెండు నిమిషాలు పిల్లి నడక నడిపించండి, మాట దానంతట అదే మారుతుంది.

---

అడవివరం_వాసి

కాళ్ల గురించి రెండు ముక్కలు. పొక్కు వచ్చాక ఎంత ధైర్యం చెప్పినా పనికిరాదు, కాబట్టి అసలు రానివ్వకూడదు.

మీవాళ్లకి అప్పుఘర్ దగ్గర మొదలవుతుంది గొడవ. స్నానం చేసి, వేళ్ల మధ్య ఇసకతో, తడి బట్టలతో ఎంవీపీ ఎక్కుతారు. ఇసక గరుకు కాగితంలా పనిచేస్తుంది, తడిగుడ్డ తొడల మధ్య ఒరుసుకుంటుంది. మంచినీళ్లతో కాళ్లు కడిగి, వేళ్ల సందులు కూడా తుడిచి, పొడి పంచో లుంగీయో కట్టుకోండి. తొడల మధ్య, మడమల మీద వాజలీన్ రాయండి. నలుగురికి ఒక చిన్న డబ్బా చాలు. అరికాలిలో ఒకచోట వేడిగా మంటగా అనిపించగానే చెప్పమనండి. అప్పుడే ప్లాస్టర్ వేస్తే పొక్కు లేవదు. జనం చెప్పరు, మొహమాటం. అందుకని ఆగిన ప్రతిచోటా "కాళ్లు చూపించండి" అని మీరే అడగండి. లేచిన పొక్కుని చిదమకండి.

సముద్రం సంగతి గట్టిగా చెప్పండి. మన తీరంలో అలలు లోపలికి లాగుతాయి, పైగా చీకటి. మోకాలి లోతు దాటొద్దు. పిల్లలు ఒక్కరే దిగకూడదు. తల మీద నాలుగు చెంబులు పోసుకున్నా స్నానమే.

చెప్పుల్లేకుండా నడిచేవాళ్లు నెలన్నర ముందు నుంచి అలవాటు చేసుకోవాలి. బీచ్ రోడ్డులో పొద్దున్న బళ్లు ఆపేసే వేళ మొదటివారం కిలోమీటరు చాలు, మెల్లగా పెంచుకుంటూ పోవాలి. మిగతావాళ్లు వారానికో పెద్ద నడక: 5, 8, 12, 16 కిలోమీటర్లు. చివరి పెద్ద నడక పది రోజుల ముందు అయిపోవాలి. బూట్లు వేసుకునేవాళ్లు పాతవే వేసుకోండి. పగలు మొదలుపెట్టే వాళ్లకైతే, ఎండకి తారు కాలుతుంటే రోడ్డు పక్క తెల్లగీత మీద నడిస్తే కొంత నయం. వాన పడితే ఆ గీతే జారుతుంది, దిగిపోవాలి.

పిల్లల చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. వెనక నుంచి వచ్చే బండి వినపడదు, పక్కన మనిషి పిలిచినా వినపడదు.

---

మర్రిపాలెం_అపార్ట్‌మెంట్

చాలా చాలా థాంక్సండీ, ప్రింటు తీసి లిఫ్టు దగ్గర అంటిస్తున్నాను. ఒక సందేహం. నిజంగా ఆగిపోవాల్సిన మనిషికి ఎలా చెప్పాలి? మా పెద్దాయన మాట వినే రకం కాదు. "మొక్కు తీరకపోతే ఎలా" అంటారు.

---

తొలిపావంచా_32

ఆ మాట రోడ్డు మీద కాదు, బయల్దేరే ముందు ఇంట్లో అనుకోవాలి. "ఎవరు ఆగమన్నా ఆగుదాం, ఆగినవాళ్లతో ఒకరం ఉందాం" అని అందరి చేతా ఒప్పించుకోండి. ముఖ్యంగా ఆయన చేత, ఆయన పెద్దరికంతో మిగతావాళ్లకి చెప్పించండి. నలుగురి ముందు తన నోటితో చెప్పిన మాట ఆయన దాటరు.

రోడ్డు మీద చెప్పేటప్పుడు పదిమందిలో చెప్పకండి. పక్కకి తీసుకెళ్లి కూర్చోబెట్టి, మీరూ కూర్చుని చెప్పండి. నిలబడి చెప్తే ఆజ్ఞలా ఉంటుంది. "వద్దులెండి, మీ వల్ల కాదు" అనొద్దు. "బాబాయ్, ఇక్కడిదాకా నడిచారు. ఇక్కణ్ణుంచి నేనూ మీతో ఆటోలో వస్తాను. తెల్లారాక తొలి పావంచా దగ్గర అందరం కలిసి దండం పెట్టుకుందాం" అనండి. ఇందులో మూడు విషయాలు ఉండాలి: నడిచిన దూరం, ఒంటరి కాదన్న భరోసా, చివరికి కలిసే చోటు. ఏ ఒక్కటి లేకపోయినా ఆ మాట వదిలించుకున్నట్టు వినిపిస్తుంది.

మొక్కు విషయానికొస్తే, కొండ చుట్టూ నడవలేని వాళ్లు పౌర్ణమి నాడు పైన గుడి చుట్టూ ప్రదక్షిణలు చేసుకోవడం ఉన్నదే. అదే రోజు స్వామికి ఆ ఏడాది ఆఖరి విడత చందన సమర్పణ. అక్షయ తృతీయకి నిజరూప దర్శనం (చందనం పూత తీసిన రూపం) తర్వాత మొదలై, వైశాఖ, జ్యేష్ఠ పౌర్ణములు దాటి ఆషాఢ పౌర్ణమికి నాలుగో విడత పూర్తవుతుంది. దర్శనానికి ఓపిక మిగుల్చుకోవడం కూడా భక్తే కదా అని చెప్పి చూడండి, పెద్దవాళ్లు ఒప్పుకుంటారు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు 32 కిలోమీటర్ల తర్వాత మెట్లు ఎక్కొద్దు, కొండ మీదికి దేవస్థానం బస్సులో వెళ్లండి. ఎక్కడం కన్నా దిగడం మోకాళ్లకి ఎక్కువ చేటు.

ఇంకోటి, ఆ గుంపులో ఫోన్లు కలవవు. ప్రతివాళ్ల జేబులో కాగితం మీద రెండు నంబర్లు, రక్తం గ్రూపు, వేసుకునే మందులు రాసి ఉంచండి. తప్పిపోతే ఎవరి కోసమూ వెనక్కి రాకూడదు, తర్వాత ఆగే చోటుకి వెళ్లి అరగంట నిలబడాలి. ఎన్‌ఏడీ దగ్గర "ఫ్లైఓవర్ కింద" అనుకోకండి, అక్కడ ఎన్నో దార్లున్నాయి. ఫలానా కొట్టు ముందు అని ముందురోజు చూసుకుని చెప్పుకోండి.

---

మజ్జిగ_చలివేంద్రం

మాది నడిచే జట్టు కాదండి, దారిలో నీళ్లూ మజ్జిగా ఇచ్చే జట్టు. ముక్కూ మొహం తెలీనోళ్లకి ధైర్యం చెప్పడం కూడా ఒక పద్ధతేనండి, మీకూ పనికొస్తాదని రాస్తన్నాను.

గ్లాసు నడుము ఎత్తున చాపి పట్టుకోవాల. తీసుకుంటే తీసుకుంటారు, లేదంటే సాగిపోతారు. చెయ్యి పట్టుకుని ఆపి తాగించకూడదు. ఊపు మీదున్న మనిషిని ఆపితే మళ్లీ ఆ ఊపు రావడం కష్టం. వీపు మీద చరవడం, ఎనకనించి తొయ్యడం అసలొద్దు, పడిపోతారు. గ్లాసు ఇచ్చేటప్పుడు ఒక ముక్క చెప్పాల, "అమ్మా, అల్లక్కడ మలుపు తిరిగాక కుర్చీలున్నాయి, కూకోండి" అని. ఉత్తి "జై" కన్నా అది మేలు. కుర్చీలు నిజంగా ఉంటేనే చెప్పాల మరి.

పోల్చి మాట్లాడొద్దు. "ఆ ముసలాయన చూడు ఎలా నడుస్తన్నాడో, నీకేటి?" అంటారు కొందరు. కుర్రోడికీ సిగ్గు, ఆ పెద్దాయనకీ చిన్నతనం. ఏ వయసు మనిషినైనా "అమ్మా, నాన్నా, బాబూ" అని పిలిచి వాళ్ల సంగతే మాట్లాడాల. మీ గుంపులో కూడా అంతే.

తిండి విషయం. పులిహోర, ఇడ్లీ, పుచ్చకాయ, సెనగలు అన్నీ పెడతారు. ఆప్యాయంగా పెట్టారని ఒకేచోట కడుపు నిండా తినేస్తే గంటలో కడుపులో తిప్పుతాది. గంటకి గుప్పెడు, అంతే. మీ గ్లాసు మీరే తెచ్చుకోండి. తాగి పారేసిన గ్లాసులు, అరటితొక్కలే చెప్పుల్లేని వాళ్లకి పెద్ద గండం. మా ముందు రోడ్డు మేం గంటకోసారి తుడుస్తాం. అందరూ తుడవరు, చూసుకుని అడుగెయ్యండి.

---

ద్వారకానగర్_కోచింగ్

రోజువారీ సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను రాస్తాను. పోటీ పరీక్షలకి చదివే పిల్లలతో పని చేసేవాళ్లందరికీ తెలిసిన విషయాలే ఇవి. కానీ ఇంట్లోవాళ్లు దాదాపు ప్రతిసారీ తిరగేసి చేస్తారు.

రెండోసారి రాసే పిల్లాణ్ణి "ఎంత సిలబస్ మిగిలింది?" అని అడగకండి. అది గిరి ప్రదక్షిణలో ముడసర్లోవ దగ్గర నిలబడి "ఇంకా పాతిక కిలోమీటర్లు" అన్నట్టే. "ఇవాళ ఏ చాప్టర్ పట్టుకున్నావు? ఎక్కడ ఆగింది?" అని అడగండి. అలా అడిగితే జవాబు చెప్పగలడు. జవాబు చెప్పగలిగిన ప్రశ్నే పిల్లాడికి ధైర్యం. "నువ్వు తెలివైనవాడివి, వచ్చేస్తుంది" అన్నది కూడా "వచ్చేశాం" లాంటిదే. రాకపోతే తనకి తెలివి లేదని అనుకుంటాడు. దాని బదులు చూసినదాన్నే చెప్పండి: "పోయినసారి మాక్ టెస్టులో ఫిజిక్స్ వదిలేశావు, ఈసారి సగం పెట్టావు." అది మెచ్చుకోలూ, సమాచారమూ. కాదనడానికి వీల్లేని మెచ్చుకోలు కాబట్టి నిలబడుతుంది.

వేళ ముఖ్యం. వారానికోసారి గంట ఉపన్యాసం కన్నా రోజూ రాత్రి ఎనిమిదింటికి పది నిమిషాలు కలిసి టీ తాగడం మేలు. చదువు ఊసే వద్దు అని వాడంటే సరే, టీ మాత్రం మానొద్దు. ఫలితం బాగా రాని రోజున కారణాలు వెతక్కండి. ఆ పూట కలిసి భోజనం చెయ్యండి. రెండు మూడు రోజులయ్యాక వాడే మొదలుపెడతాడు. అప్పుడు కాగితం, పెన్ను తీసుకుని కూర్చోండి.

ఇక్కడా ఫిజియో గారు చెప్పిన హెచ్చరిక వర్తిస్తుంది. రెండు వారాలకి పైగా నిద్ర, తిండి సరిగ్గా లేకపోవడం, స్నేహితుల్ని తప్పించుకోవడం, ఇష్టమైన వస్తువులు ఎవరికో ఇచ్చేయడం, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాటలు కనిపిస్తే అది మాటల ధైర్యంతో తీరేది కాదు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ, చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి మీరే వెంట వెళ్లండి.

పిన్నిగారి మోకాలి విషయం ఫిజియో గారు చెప్తే బాగుంటుంది.

---

ఫిజియో_సీతమ్మధార

ఆపరేషన్ అయిన మోకాలికి నడకే మందు. ఎంత నడవాలో, ఎంత బరువు మోపాలో మాత్రం ఆపరేషన్ చేసిన డాక్టరూ, అక్కడి ఫిజియోనూ చెప్పినట్టే. ఇంట్లో మీరు చెయ్యగలిగేది భయం తగ్గించడం.

ఆవిడ భయం నొప్పి గురించి కంటే పడిపోతానని. కాబట్టి "ఏం కాదు పిన్నీ, నడువు" అనకుండా, పడిపోయే కారణాలు తీసెయ్యండి. నేల మీద చాపలు, వైర్లు, బాత్రూమ్‌లో తడి ఉండకూడదు. రాత్రి లైటు ఉండాలి. వాకర్ ఎత్తు ఎలా ఉండాలంటే, నిలబడి చేతులు కిందికి వేలాడేస్తే పిడి మణికట్టు దగ్గరికి రావాలి. డాక్టరు రాసిన నొప్పి మాత్ర వేసుకున్న అరగంట, ముప్పావుగంట తర్వాత నడిపిస్తే అడుగు తేలిగ్గా పడుతుంది.

లక్ష్యం కంటికి కనిపించాలి. "హాల్లో పది చుట్లు" కాదు, "తులసికోట దాకా వెళ్లి దీపం చూసొద్దాం." మర్నాడు లిఫ్టు దాకా. గోడ మీద పెన్సిల్‌తో తేదీ రాసి గీత పెట్టండి. మీరు ఆవిడ ముందు నడుస్తూ వెనక్కి తిరిగి చేతులు చాపకండి. చంటిపిల్లల్ని నడిపించినట్టు ఉంటుంది, పెద్దవాళ్లకి నచ్చదు. ఆపరేషన్ కాలి వైపు, అర అడుగు వెనగ్గా నడవండి. ఆవిడ ఆగితే మీరూ ఆగి, ఏదో ఒక ఇంటి కబురు చెప్పండి. ఊపిరి తీసుకున్నాక తనే అడుగేస్తుంది. పిక్కలో కొత్తగా వాపు, ఎరుపు, గట్టిదనం, లేదా ఉన్నట్టుండి ఆయాసం వస్తే నడక ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు.

మీ జట్టు అడవివరం నుంచి తిరిగొచ్చాక రెండు రోజులు మెట్లు తక్కువ ఎక్కండి, రోజూ అరగంట మెల్లగా నడవండి. పిన్నిగారి నడక వేగం మీకప్పుడు సరిగ్గా సరిపోతుంది.